ఎడమ చేత్తో వాయిస్తూ, కుడి చేత్తో రాస్తూ

పిట్స్‌బర్గ్‌లోని ఒక థియేటర్. వేదిక కింద వాద్యబృందం. అయిదారుగురు మగవాళ్ళ మధ్య పియానో ముందు ఒక స్త్రీ కాలు మీద కాలు వేసుకుని, నోట్లో సిగరెట్‌తో కూర్చుంది. ఎడమ చేత్తో జరుగుతున్న ప్రదర్శనకు వాయిస్తోంది. కుడి చేత్తో తర్వాతి అంశానికి కావలసిన సంగీతం రాస్తోంది. ఆ స్త్రీ పేరు లవీ ఆస్టిన్. ప్రేక్షకుల్లో కూర్చుని కళ్ళార్పకుండా ఆమెనే చూసిన చిన్నపిల్ల తర్వాత మేరీ లూ విలియమ్స్ (1910-1981) అయింది. 1954లో ఇంగ్లండ్ పత్రిక 'మెలొడీ మేకర్'లో ధారావాహికగా వచ్చిన తన జ్ఞాపకాల్లో మేరీ లూ ఈ దృశ్యాన్ని చెప్పింది. తానూ అలాగే అవుతానని ఆ రోజే అనుకుందట. అయింది కూడా. ఆండీ కర్క్ బృందంతో ఊరూరా తిరిగిన రోజుల్లో ఆమె ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో రాసుకునేది.

ఈ దృశ్యాన్ని స్త్రీల సామర్థ్యానికి ఉదాహరణగా చెప్పి వదిలేయడం తేలిక. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కలం అని మనం ఇప్పటికే చాలాసార్లు చెప్పుకున్నాం. నాకు ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. జాజ్ పాటల్ని ఒంటరిగా పియానో మీద వాయించడం ఎలా నేర్చుకుంటారు, ఆ నేర్చుకోవడంలో ఏది కళగా లెక్కకొస్తుంది, ఏది రాదు అన్న ప్రశ్న మొత్తం ఆ రెండు చేతుల మధ్యే ఉంది.

ముందు పని స్వభావం చూద్దాం. జాజ్‌లో 'స్టాండర్డ్' అంటే అందరూ వాయించే పాట. వీటిలో ఎక్కువ భాగం 1920ల నుంచి 50ల దాకా బ్రాడ్‌వే నాటకాలకీ హాలీవుడ్ సినిమాలకీ రాసినవి. సాధారణంగా 32 బార్ల నిడివి ఉంటుంది. ఒక వరస రెండుసార్లు వస్తుంది, మధ్యలో వేరే వరస, మళ్ళీ మొదటిది. నేర్చుకునే వాళ్ళ చేతికి వచ్చేది 'లీడ్ షీట్' అనే ఒక్క కాగితం. అందులో బాణీ ఉంటుంది, బాణీ మీద కార్డ్‌ల గుర్తులు ఉంటాయి. కార్డ్ అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు. అంతే. మిగిలిందంతా వాయించేవాళ్ళ పూచీ. బృందంలో అయితే బాస్ వాయించే మనిషి కింది స్వరాన్ని చూసుకుంటాడు, డ్రమ్స్ మనిషి లయ చూసుకుంటాడు. సోలో పియానోలో ఇవన్నీ పది వేళ్ళే చెయ్యాలి. ఎడమ చెయ్యి అడుగు స్వరం పట్టుకోవాలి, లయ తప్పకూడదు, మధ్యలో కార్డ్ నింపాలి. 'స్ట్రైడ్' పద్ధతిలో అయితే ఒకటీ మూడూ దెబ్బలకు కింద ఒక స్వరం, రెండూ నాలుగూ దెబ్బలకు పైకి గెంతి ఒక కార్డ్. రాత్రంతా ఆ చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. కుడి చెయ్యి బాణీ పలికిస్తుంది, ఆ తర్వాత బాణీని వదిలి అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతుంది. విమర్శకులు రాసేది ఎక్కువగా ఈ కుడి చేతి గురించే. 'సొంత గొంతు', 'ప్రతిభ' అన్న మాటలన్నీ అక్కడే వాలతాయి. ఎడమ చెయ్యి బాగుంటే 'దృఢంగా ఉంది' అంటారు. ఇంటి పునాది గురించి చెప్పినట్టు.

కచేరీలు వినే మనకు మనోధర్మం అన్న మాట తెలుసు కనుక దీన్ని దానితో పోల్చుకోవచ్చు. అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర రాగం ఎవరి సొత్తూ కాదు. ఆలాపనలో గాయని చేసేది రాగాన్ని తన దారిలో చూపించడం. స్టాండర్డ్‌కి మాత్రం చట్టం గుర్తించే యజమాని ఉన్నాడు. ఆ బాణీని ఎంత కొత్తగా మార్చి వాయించినా, దాని మీద గంటసేపు కల్పన చేసినా, రచయిత రాయల్టీ మొదట పాట కట్టిన వాడికే వెళ్తుంది. మార్చిన మనిషికి మామూలుగా దక్కేది ఆ రాత్రి కూలి, మహా అయితే అరేంజ్‌మెంట్ రాసినందుకు ఒకసారి ఇచ్చే సొమ్ము. అంటే జాజ్‌లో అన్నింటికన్నా జాజ్ అయిన పని, ఒకరి పాటను తిరగరాయడం, హక్కుల లెక్కలో దాదాపు శూన్యం.

మేరీ లూ జీవితమంతా ఆ శూన్యంలోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు. 1930లో చికాగోలో ఆమె ఒంటరిగా రెండు ముక్కలు రికార్డు చేసింది. అందులో ఒకటి 'నైట్ లైఫ్'. అప్పటికప్పుడు కల్పించి వాయించింది. ఆ సమయంలోనే రికార్డు కంపెనీ మనిషి ఆమె పేరుకు 'లూ' తగిలించాడు. పేరు వాళ్ళు పెట్టారు, రాయల్టీ మాత్రం రాలేదని ఆమె తర్వాత చెప్పుకుంది. 1937లో బెన్నీ గుడ్‌మన్ బృందం కోసం 'రోల్ ఎమ్' రాసింది. 1946లో ఇర్వింగ్ బెర్లిన్ పాట 'బ్లూ స్కైస్'ని డ్యూక్ ఎలింగ్టన్ బృందానికి తిరగరాస్తే అది 'ట్రంపెట్స్ నో ఎండ్' అయింది. పాట ఎవరిది? బెర్లిన్‌ది. మోగింది ఎవరి బృందం? ఎలింగ్టన్‌ది. మరి పాట పాటంతా వేరే ఒళ్ళు తొడుక్కున్నట్టు వినిపించడానికి కారణమైన మనిషి? రికార్డుల గురించి శ్రద్ధగా చదివే వాళ్ళకే ఆ పేరు కనపడుతుంది.

ఆమె నేర్చుకున్న తీరు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మొదటి గురువు తల్లి. తల్లి వాయించే కాలిమర ఆర్గన్ దగ్గర, ఆమె ఒళ్ళో కూర్చుని స్వరాలు పట్టుకుంది. కూతురికి టీచర్‌ని పెట్టడానికి మాత్రం తల్లి ఒప్పుకోలేదు. కాగితం చూసి వాయించడం అలవాటైతే తోచింది వాయించడం పోతుందన్న భయం. మనం, అంటే చదువును విముక్తి మార్గంగా నమ్ముతూ వచ్చిన స్త్రీలం, ఈ తల్లిని ఎలా అర్థం చేసుకోవాలి? అక్షరం వద్దన్న తల్లి కాదు ఆమె. ఏ అక్షరం ఏ జ్ఞానాన్ని చెరిపేస్తుందో తెలిసిన తల్లి. నల్లజాతి ఇంట్లో చెవి నుంచి చేతికి అందుతూ వచ్చిన సంగీతానికి ఆమె కాపలా కాసింది. మేరీ లూ ఆ తర్వాత స్వరలిపి నేర్చుకుంది, పెద్ద బృందాలకు పేజీల కొద్దీ రాసింది. కానీ ముందు వాయించడం, తర్వాత రాయడం. ఆ వరస ముఖ్యం.

లిల్ హార్డిన్ (1898-1971) కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ఆమె ఫిస్క్ యూనివర్సిటీలో చదివింది. చికాగోలో ఒక సంగీత దుకాణంలో అచ్చు పాటలు కొనేవాళ్ళకు వాయించి వినిపించే ఉద్యోగం చేసింది. 1918 ప్రాంతంలో న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన బృందంలో చేరడానికి వెళ్ళి స్వరాల కాగితం అడిగింది. కాగితాలు లేవన్నారు. ఏ శ్రుతి అని అడిగింది. రెండుసార్లు తట్టిన చప్పుడు వినగానే మొదలుపెట్టమన్నారు! ఆమె మొదలుపెట్టింది, నిలబడింది. తర్వాత లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్ళి చేసుకుంది కాబట్టి చాలా పుస్తకాల్లో అతని భార్యగానే కనిపిస్తుంది. ఆమె కట్టిన 'జస్ట్ ఫర్ ఎ థ్రిల్'ని 1959లో రే చార్ల్స్ పాడాడు. ఆ పాట తెలిసిన వాళ్ళు ఎందరో. అది లిల్‌దని తెలిసిన వాళ్ళు చాలా తక్కువ.

జాజ్ వాద్యాల్లో స్త్రీలకు మొదటి నుంచీ కాస్త చోటు దొరికింది పియానో దగ్గరే. ట్రంపెట్, డ్రమ్స్ వాయించే ఆడవాళ్ళను వింతగా చూసేవారు. పియానో మాత్రం పందొమ్మిదో శతాబ్దపు మధ్యతరగతి ఇంటి హాల్లో కూతురి అలంకారాల్లో ఒకటి. పెళ్ళిచూపుల్లో పాట పాడమనే ఆచారం తెలిసిన మనకు దీన్ని విడమరచనక్కర్లేదు. ఆ ఆచారంలోనే ఇంకో గీత ఉందని కూడా తెలుసు. పెళ్ళి కావలసిన పిల్లకు పాట అలంకారం, కళావంతుల స్త్రీకి పాట బతుకుతెరువు, అదే ఆమెకు అపనింద. అమెరికాలో ఆ గీత వర్ణం వెంబడి పోతుంది. మేరీ లూ పిట్స్‌బర్గ్ ధనవంతుల ఇళ్ళలో చిన్నపిల్లగా పియానో వాయించింది, కానీ ఆ ఇంటి కూతురిగా కాదు. డబ్బుకి. 'ఈస్ట్ లిబర్టీ చిన్న పియానో పిల్ల' అని పేరు తెచ్చుకున్నది అలాగే.

ఇక్కడ ఒక్క పక్కమాట. వర్జీనియా వుల్ఫ్ చెప్పిన గది రాసే స్త్రీకి సరిపోతుంది. రాసినది దాచుకోవచ్చు, ఎవరైనా వస్తే కాగితం మూసేయొచ్చు. పియానోకి మూత వేస్తే సంగీతమే లేదు. అది ఇంట్లో నలుగురూ తిరిగే చోట ఉంటుంది. ఇంప్రొవైజేషన్ నేర్చుకోవడమంటే తప్పుల్ని బిగ్గరగా, పదేపదే, అందరూ వింటుండగా చెయ్యడం. ఒకే నాలుగు బార్లు గంటసేపు తిరగేయడం. అలంకారంగా వాయించే అమ్మాయికి ఆ హక్కు లేదు. ఆమె పాట పూర్తిగా వచ్చాకే వినిపించాలి. ఒక స్త్రీ ఇంట్లో ఎంత చప్పుడు చెయ్యవచ్చు అన్నది సంగీతశాస్త్ర ప్రశ్నగా ఎవరూ చూసినట్టు లేదు. చూడాలి. లెక్చరర్లుగా, తల్లులుగా, అపార్ట్‌మెంట్లలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎలక్ట్రానిక్ కీబోర్డ్ ముందు కూర్చునే మనవంటి వాళ్ళకు ఆ మూత కొంత తెరుచుకుంది.

మంచి ఎడమ చెయ్యి ఉన్న స్త్రీకి దొరికే మెప్పు మరొకటి ఉంది: మగవాడిలా వాయిస్తుంది. మేరీ లూ ఆ మాట వింటూనే బతికింది. తెల్లజాతి స్త్రీ మేరియన్ మెక్‌పార్ట్‌లాండ్ (1918-2013) పరిస్థితి వేరు, కానీ సుఖమైనదేమీ కాదు. ఇంగ్లండ్‌లో పుట్టి, గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చదివి, 1946లో అమెరికా వచ్చింది. 1951లో లెనర్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 'డౌన్‌బీట్' పత్రికలో ఆమె గురించి రాస్తూ, ఇంగ్లీషు మనిషి, తెల్ల మనిషి, ఆడ మనిషి, ఈ మూడూ కలిశాయి కాబట్టి పైకి రావడం కష్టమన్నాడు. ఆమె ఆ మాటను దశాబ్దాల పాటు హాస్యంగా చెప్పుకుంటూ తిరిగింది. 1952 నుంచి న్యూయార్క్ హికరీ హౌస్‌లో ఏళ్ళ తరబడి వాయించింది.

స్త్రీవాద విమర్శ జాజ్ గురించి మాట్లాడలేదని కాదు. ఆంజెలా డేవిస్ 1998లో తెచ్చిన పుస్తకంలో మా రెయినీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేల పాటలను చదివిన తీరు మనలో చాలామందికి దారి చూపింది. చప్పిడి ప్రేమపాటను హాలిడే గొంతు ఎలా వేరే అర్థంలోకి తిప్పుతుందో ఆమె చూపించింది. షెర్రీ టకర్ 2000లో 1940ల నాటి స్త్రీల బృందాల చరిత్ర రాసింది. అయినా సాహిత్యం నుంచి వచ్చిన మన చూపు ఎప్పుడూ గాయని దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే అక్కడ మాటలున్నాయి. మాటలుంటే మనం చదవగలం. మాటలు లేని చోట, పియానో ముందు కూర్చున్న స్త్రీ ఏం వాదిస్తోందో మనకు వినపడదు. అరేంజ్‌మెంట్ కూడా విమర్శేనని ఒప్పుకుంటే వినపడుతుంది.

ఉదాహరణకి 'ద మ్యాన్ ఐ లవ్'. జార్జ్ గెర్ష్‌విన్ బాణీ, ఇరా గెర్ష్‌విన్ మాటలు, 1924. ఒక నాటకం కోసం రాసి, అది బ్రాడ్‌వేకి చేరక ముందే తీసేశారు. పాట తర్వాత సొంతంగా నిలబడింది. మాటల్లో ఉన్నది మనకు బాగా తెలిసిన స్త్రీ: రాబోయే పురుషుడి కోసం ఎదురుచూస్తూ, అతను కట్టబోయే ఇంటిని ఊహించుకుంటూ ఉంటుంది. బాణీ కూడా ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. ఒక చిన్న స్వరాల ముక్క దాదాపు అక్కడక్కడే తిరుగుతుంది. గుమ్మం దగ్గర అటూ ఇటూ నడిచే మనిషిలా. కానీ కింద ఏం జరుగుతోందో చూడండి. మేజర్‌లో మొదలైన కార్డ్ కాసేపటికే మైనర్ అవుతుంది. ఆ కార్డ్‌ల లోపల ఒక స్వరం అర్ధస్వరం చొప్పున మెట్టు మెట్టూ దిగిపోతూ ఉంటుంది. పైన ఆమె నిలబడే ఉంది, కింద నేల కదులుతోంది.

గాయకురాలి వెనక వాయించేటప్పుడు ఆ దిగే స్వరం నీడలా ఉండిపోతుంది. సోలో పియానో మీద మాత్రం అది మన చేతుల్లో ఉంది, అక్షరాలా. దాన్ని ఎడమ చేతి బొటనవేలుకి ఇచ్చి, పై బాణీ కన్నా కాస్త గట్టిగా పలికించి చూడండి. పాట కథ మారుతుంది. ఎదురుచూపు పైపొర అవుతుంది, అసలు కదలిక లోపలి గొంతుది అవుతుంది. ఇంకో దారి: మధ్య భాగం మైనర్‌లోకి వెళ్ళినప్పుడు ఎడమ చేతిని తగ్గించి రెండే స్వరాలు ఉంచడం, కార్డ్‌కి ప్రాణమైన మూడోదీ ఏడోదీ. అప్పుడు బాణీకి ఆనుకోవడానికి ఏమీ ఉండదు, ఒంటరిగా నడవాల్సి వస్తుంది. మూడో దారి: ఒక కార్డ్ తీసేసి దానికి ఆరు అర్ధస్వరాల దూరంలో ఉన్న కార్డ్ పెట్టడం. ఈ రెండు కార్డ్‌లకీ ఆ ప్రాణస్వరాలు రెండూ ఉమ్మడి, అందుకే మార్పు చెల్లుతుంది. బాణీలో ఒక్క స్వరం కూడా మారదు, కింద నేల మాత్రం పూర్తిగా వేరేది. ఏడ్రియన్ రిచ్ 1971 వ్యాసంలో పాత రచనను కొత్త కళ్ళతో చూడడం గురించి చెప్పినది సాహిత్యానికే అని మనం అనుకున్నాం. ఓల్గా 'విముక్త' కథల్లో రామాయణపు మనుషులు వాళ్ళే, నేల వేరు. పియానో నేర్చుకునే అమ్మాయి రోజూ చేసే కసరత్తు సరిగ్గా ఇదే. ఆమె పాఠ్యపుస్తకం మాత్రం దీన్ని 'కార్డ్ ప్రత్యామ్నాయం' అన్న పొడి శీర్షిక కింద పెడుతుంది.

ఆ పాఠ్యపుస్తకాల గురించి కూడా చెప్పాలి. 1970ల మధ్యలో బాస్టన్ బర్క్‌లీ కాలేజీ పరిసరాల్లో విద్యార్థులు లీడ్ షీట్లను చేత్తో రాసి, అనుమతులు లేకుండా నకళ్ళు తీసి అమ్మారు. అదే 'రియల్ బుక్'. ముప్ఫై ఏళ్ళు దొంగచాటుగా తిరిగి, 2004లో చట్టబద్ధంగా అచ్చయింది. లోకం మొత్తం మీద జాజ్ నేర్చుకునే వాళ్ళకు అది పెద్దబాలశిక్ష. అందులో స్త్రీలు కట్టిన పాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దీనికి జవాబుగా డ్రమ్మర్ టెరి లిన్ కారింగ్టన్, 2018లో బర్క్‌లీలోనే జాజ్, లింగ న్యాయాల కోసం ఒక సంస్థను నెలకొల్పి, 2022లో 'న్యూ స్టాండర్డ్స్' పేరుతో స్త్రీ స్వరకర్తల 101 లీడ్ షీట్లు ప్రచురించింది. వందేళ్ళ రచనలు అందులో ఉన్నాయి. చాలా అవసరమైన పని. మన దగ్గర స్త్రీల రచనలను వెతికి తీసి సంకలనాలు వేసిన శ్రమకి సాటి.

అయినా నాకు ఒక పేచీ ఉంది. లీడ్ షీట్ అన్న రూపమే బాణీ కట్టిన వాళ్ళను రచయితగా నిలబెట్టి, దాన్ని సంగీతంగా మార్చిన వాళ్ళను కాగితం బయట ఉంచుతుంది. పురుషుల పేర్ల పక్కన స్త్రీల పేర్లు చేర్చినా ఆ కాగితం నియమం మారదు. లవీ ఆస్టిన్ ఎడమ చెయ్యి ఏ లీడ్ షీట్‌లో ఉంటుంది? యాన్ రోనెల్ 1932లో కట్టిన 'విల్లో వీప్ ఫర్ మీ' మొదటి నుంచీ స్టాండర్డ్‌గానే ఉంది. గెర్ష్‌విన్‌కు అంకితమిచ్చింది. ఆర్ట్ టేటమ్ దాన్ని సోలోగా వాయించిన 1949 రికార్డు పియానో విద్యార్థులకు ఇప్పటికీ పాఠం. అక్కడ స్త్రీ స్వరకర్త, పురుషుడు తిరగరాసినవాడు. ఆశ్చర్యమేమిటంటే ఆ ఒక్క సందర్భంలో తిరగరాసిన వాడినే మనం గొప్ప కర్తగా గుర్తుంచుకున్నాం! నియమం ఎటు తిరిగినా లాభం ఎటు చేరుతుందో తెలుస్తూనే ఉంది.

స్త్రీల అరేంజ్‌మెంట్‌లను వినడం ఎలాగో నేర్పిన చోటు నాకు తెలిసి ఒకటుంది, అది కళాశాల కాదు. మేరియన్ మెక్‌పార్ట్‌లాండ్ అమెరికా పబ్లిక్ రేడియోలో 'పియానో జాజ్' అనే కార్యక్రమం నడిపింది. మొదటి అతిథి మేరీ లూ విలియమ్స్. 1978లో రికార్డు చేశారు, 1979లో ప్రసారాలు మొదలయ్యాయి. 2011 దాకా మెక్‌పార్ట్‌లాండ్ నడిపింది. పద్ధతి చాలా మామూలు. రెండు పియానోలు, ఇద్దరు మనుషులు. మాట్లాడుకుంటారు, వాయించి చూపిస్తారు, కలిసి వాయిస్తారు. ఆ కార్డ్ ఎలా పెట్టావని ఒకరు అడిగితే మరొకరు మళ్ళీ వాయిస్తారు. అరేంజ్‌మెంట్‌ను విప్పి లోపల చూపించే విమర్శ అది, రాత లేకుండా. ఆ మొదటి అతిథి ఎంపిక యాదృచ్ఛికం అని నేననుకోను. ఇద్దరి మధ్య వర్ణం ఉంది, వర్గం ఉంది, ఇద్దరి స్వభావాలూ వేరు. అయినా తోటి వాద్యకారిణి చేతుల్ని ఒక స్త్రీ అంత శ్రద్ధగా గమనించి ప్రశ్నలడగడం ఆ రంగంలో అరుదు.

మేరీ లూ 1977 నుంచి చనిపోయే వరకు డ్యూక్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. 1978 మాంత్రో ఉత్సవంలో ఆమె ఒంటరిగా చేసిన కచేరీ ఆల్బమ్‌గా దొరుకుతుంది. ఆమె చేతిరాత ప్రతులు న్యూవార్క్‌లో రట్‌గర్స్ యూనివర్సిటీ జాజ్ అధ్యయన సంస్థలో ఉన్నాయి. కుడి చేత్తో రాసినదానికి అలా ఒక చిరునామా ఉంది. ఎడమ చేతి కోసం రికార్డుల దగ్గరికే వెళ్ళాలి. 'నైట్ లైఫ్' సుమారు మూడు నిమిషాలు. మొదటిసారి వినేటప్పుడు చెవి సహజంగా పైకే పోతుంది. రెండోసారి కుడి చేతిని పట్టించుకోకుండా కింద జరుగుతున్నదే వినండి. ఆ గెంతులు ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ అనుకోకుండా ఇంకో దారి పడుతున్నాయో గుర్తు పెట్టుకోండి. ఆమెకప్పుడు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.